మొదలుకీ నిమిషానికీ మధ్య

మొన్న బుధవారం పొద్దున చంపాపేటలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. ఒక మగ గొంతు "మొ...ద...లు" అంది. బరువుగా, మత్తు దిగని మనిషి మాట్లాడినట్టు సాగుతూ వచ్చింది. ఆ తర్వాత మాటలేం లేవు. టేపు గీరుకుంటున్న చప్పుడు, దూరంగా లారీ హారను, మధ్యలో ఎక్కడో ఇనుముకు ఇనుము తగిలినట్టు చిన్న టింగుమన్న శబ్దం. నా కళ్లు వాటంతటవే గోడ గడియారం మీదకు పోయాయి. యాభై, అరవై, అరవై రెండు. అరవై అయిదో సెకను దగ్గర అదే గొంతు "ని...మి...షం" అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. అరవయ్యో పడిలో పడ్డ దాన్ని, పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా అలా ఏడుస్తూ కూర్చున్నాను.

ఆ క్యాసెట్టు మా పక్క వీధిలో ఉండే లలితది. వాళ్ల అమ్మ సుభద్రమ్మగారు పాడిన మంగళహారతులు అందులో ఉన్నాయి. ఫోనులో వినేలా మార్చి పెట్టమని ఇచ్చింది. పాటలకు ముందు వినబడిన ఆ మగ గొంతు యాదగిరి సార్‌ది. దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాసెట్ల రికార్డింగు దుకాణం నడిపేవారు. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. సార్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. పోయిన పదకొండో రోజు ఆయన భార్య అండాలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ఊరందరి గొంతులు పట్టి డబ్బాలల్ల పెట్టిండు గదా బిడ్డా, ఆయన మాట ఒక్కటన్న ఎక్కడ లేదా?" అని అడిగింది. నేను బాగా ఆలోచించుకునే చెప్పాను, లేదని. ఆయన ఎప్పుడూ తన కోసం రికార్డు చేసుకోలేదు. దుకాణంలో ఉన్న క్యాసెట్లన్నీ జనాలవి. ఆమె తల ఊపి చేతులు వదిలేసింది. ఇన్నేళ్లలో ఎప్పుడు ఆమె గుర్తొచ్చినా ఆ చేతులు వదిలేయడమే నాకు గుర్తొచ్చేది.

ఆ గొంతు ఎందుకలా సాగిందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. రిటైరయ్యాక నేనొక విద్య నేర్చుకున్నాను. కంప్యూటరులో నల్లటి తెర తెరిచి ఒక్క వాక్యం టైపు చేసి ఎంటర్ కొడితే, క్యాసెట్ల నుంచి ఎక్కించిన శబ్దమంతా కొత్త ఫైళ్లుగా మారుతుంది. మా ఇంట్లో తెలిసినవాళ్లు ఇచ్చినవి రెండు వందల క్యాసెట్లున్నాయి. మౌసు పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చుంటే ఈ జన్మకు తెమలదు. నేర్చుకోవడంలో నన్ను నెల రోజులు ముప్పుతిప్పలు పెట్టింది శాంపుల్ రేటు. కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు ఇన్నిసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఎన్నిసార్లు కొలిచింది అన్నదే ఆ రేటు. నేను ఎక్కించేది నలభై ఎనిమిది వేలు. ముడి ఫైలులో అంకెలే తప్ప రేటు రాసి ఉండదు, దాన్ని మనమే చెప్పాలి. చెప్పడానికి ఒక చిన్న గీత, పక్కన ఆర్ అక్షరం, ఆ పక్కన అంకె. అదే ఆర్‌ని పాత ఫైలు పేరుకు ముందు పెడితే "ఇది ఇలా రికార్డయింది" అని. కొత్త ఫైలు పేరుకు ముందు పెడితే "దీన్ని ఇలా మార్చు" అని. నేను మహా తెలివిగా, మార్చవలసిన నలభై నాలుగు వేల వందను తీసుకెళ్లి పాత ఫైలు ముందు పెట్టాను. ఆ నల్లటి తెర ఎదురు చెప్పదు, నిజమా అని అడగదు. చెప్పింది చెప్పినట్టు చేసి పెడుతుంది. ఉన్న అంకెలనే సెకనుకు తక్కువ చొప్పున చదివేసరికి నిమిషం కాస్తా అరవై అయిదు సెకన్లయింది, సార్ గొంతు సాగింది.

ఈ తేడా, నేను కంప్యూటరు ముఖం చూడకముందే ఆయన నాకు నేర్పారు. "ఎట్ల ఎక్కించినమో గది ఒక ముచ్చట, ఎట్ల ఇనాలెనో గది ఇంకో ముచ్చట. రెండు కలిపితివా, ఆగమైతవ్ బిడ్డా" అని రోజుకోసారైనా అనేవారు. మళ్లీ ఆగమయ్యాను సార్!

ఎనభైల్లో మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి గడ్డిఅన్నారం దగ్గర కొత్త కాలనీలో దిగాం. కాలనీ అని పేరే గాని, అప్పటికి ముగ్గుపోసిన ప్లాట్లు, హద్దు రాళ్లు, పగలంతా బోర్లు వేసే లారీల రొద. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటితే జనం పలచబడిపోయేవారు. డిగ్రీ అయ్యాక ఊరికే కూర్చోవడం ఇష్టం లేక, మెయిన్ రోడ్డు మీద టైలరు షాపు పక్కన "మనిషి కావలెను" అన్న అట్టముక్క చూసి లోపలికి వెళ్లాను. లావుపాటి కళ్లద్దాలు, తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు వేసుకున్న ఒకాయన స్క్రూడ్రైవరుతో టేపు రికార్డరు పొట్ట విప్పి కూర్చున్నారు. నా మార్కుల కాగితాలు తీయబోతే వద్దన్నారు. చేతి గడియారం తీసి తన ముందు పెట్టుకున్నారు.

"కండ్లు మూసుకో. నిమిషం అయినంక చెప్పు."

చాలాసేపు ఆగానని నమ్మకం కుదిరాక "అయింది" అన్నాను.

"నలభై సెకండ్లు" అన్నారు. "నీకు తొందర జర ఎక్కువనే ఉన్నది."

ఇక ఉద్యోగం రాదనుకుని లేవబోయాను. "గట్ల లేస్తవేంది? అందరికి ఉంటది తొందర. నాకు లేదా? అందుకనే గడియారం పెట్టుకున్న. రేపు పది గంటలకు రా" అన్నారు. మా నాన్న ఆ కథంతా విని, "ఆ మనిషికి కాస్త తిక్క ఉన్నట్టుందే సరళా" అన్నారు. తిక్క ఉన్నమాట నిజమే. ఆ తిక్కే నన్ను మనిషిని చేసింది.

సార్‌వాళ్లది కర్మన్‌ఘాట్ వైపు పాత ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇల్లు. ప్లాట్లు పడ్డప్పుడు అన్నలిద్దరూ తమ వంతు భూమి అమ్మి మేడలు కట్టుకున్నారు. ఈయన తన వంతు అమ్మి రెండు రికార్డింగు డెక్కులు, ఒక మంచి మైకు కొనుక్కున్నారు. "భూమి అమ్మి చప్పుడు కొన్నడు మా తమ్ముడు" అని పెద్దన్న అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. సార్ నవ్వేసి ఊరుకునేవారు. ఎగతాళికి ఆయనకు కోపం వచ్చేది కాదు. కోపమంతా నిమిషం దగ్గరే వచ్చేది.

ఆ నిమిషం సంగతి ఇదీ. ఏది రికార్డు చేసినా ముందుగా మైకులో "మొదలు" అనేవారు. చేతి గడియారం చూస్తూ కదలకుండా కూర్చుని, ముల్లు ఒక చుట్టు తిరగగానే "నిమిషం" అనేవారు. ఆ తర్వాతే పాట గాని, మాట గాని. టేపు నడిచే వేగం అన్ని మిషన్లకూ ఒకేలా ఉండదు. లోపల టేపును తిప్పే రబ్బరు బెల్టు సాగితే నెమ్మదిస్తుంది, మోటారు మారిస్తే పరుగెడుతుంది. రేపు ఎవరి ఇంట్లో ఏ మిషన్ మీద పెట్టినా, ఆ రెండు మాటల మధ్య గడియారం పట్టుకుంటే వేగం తప్పిందో లేదో తెలిసిపోతుంది. అరవై సెకన్లకు ముందే "నిమిషం" వచ్చిందంటే తొందరపడుతోందని, తర్వాత వచ్చిందంటే వెనకబడిందని. "మనం పోయినంక గూడ ఎవలో ఒకలు ఇంటరు గదా, ఆళ్లకు గుర్తుండాలె" అనేవారు.

ఆ నిమిషంలో దుకాణంలో ఎవరూ కదలకూడదు. టిక్కుటిక్కుమంటుందని గోడ గడియారాన్ని కూడా దించి, బొంతలో చుట్టి వెనక గదిలో పెట్టేవాళ్లం. పాటలు నింపించుకోవడానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు నిమిషం మధ్యలో "ఇంకెంతసేపు సార్" అన్నందుకు, సార్ లేచి అతని క్యాసెట్టు అతని చేతిలో పెట్టి తలుపు చూపించారు. జనాలు వెనక "నిమిషం యాదగిరి" అని నవ్వుకునేవారు. మధ్యాహ్నం అండాలమ్మ టిఫిన్ క్యారియరు తెచ్చేది. లోపల నిమిషం నడుస్తుంటే గుమ్మంలోనే, క్యారియరు కింద పెట్టకుండా చేత్తో పట్టుకునే నిలబడేది. అది అయ్యాక, "అయ్యిందా నీ పూజ? అన్నం సల్లారింది" అని దెప్పేది.

నాకు ఆ నిమిషం సిగ్గుగా ఉండేది. నిజం చెప్పాలంటే వృథాగా కూడా అనిపించేది. సుభద్రమ్మగారి విషయంలో నేను చేసిన పని వెనక ఉన్నది ఆ సిగ్గే.

సుభద్రమ్మగారు మా కాలనీలోనే ఉండేవారు, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎవరింట్లో పేరంటమైనా ఆవిడ హారతి పాడితేనే అయినట్టు. ఆవిడకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేస్తే ప్రాణం దక్కుతుంది గాని మాట ఉండదని దవాఖానలో చెప్పారు. ఆపరేషనుకు ముందు ఆవిడ పాటలు రికార్డు చేసి ఇస్తానని సార్ మాటిచ్చారు. శుక్రవారం రమ్మన్నారు. కాని దవాఖానవాళ్లు తేదీ ముందుకు జరిపారు. గురువారం పొద్దున ఎనిమిదేళ్ల లలితను వేలు పట్టుకుని ఆవిడ దుకాణానికి వచ్చేసరికి, సార్ బెల్టులు కొనడానికి కోఠీకి వెళ్లి ఉన్నారు.

"రేపు పొద్దున్నే చేర్చుకుంటారటమ్మా. నువ్వు చేయలేవూ?" అన్నారావిడ. అప్పటికే గొంతు బొంగురుపోతోంది, మెడ మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఒకటో డెక్కు మీద వేరే కాపీ నడుస్తోంది. రెండోది ఖాళీగా ఉంది. "ఎందుకు చేయలేనండీ, కూర్చోండి" అన్నాను. గడియారం దించలేదు. మొదలు అనలేదు, నిమిషం పెట్టలేదు. నొప్పితో ఉన్న మనిషిని ఉత్తినే కూర్చోబెట్టడం ఎందుకనుకున్నాను. ఆవిడ మధ్య మధ్య ఆగి నీళ్లు తాగుతూ ఏడు హారతులు పాడారు. చివర్న అదే డెక్కు మీద వెనక్కి తిప్పి వినిపించాను. బ్రహ్మాండంగా ఉంది. లలిత చప్పట్లు కొట్టింది.

సాయంత్రం సార్ వచ్చి సంగతి విని, రెండో డెక్కు వైపు చూసి నుదురు కొట్టుకున్నారు. ఆయన కోఠీకి వెళ్లిందే ఆ డెక్కు బెల్టు కోసం, ఏ డెక్కుకని పొద్దున నేను అడగలేదు. సాగిపోయిన బెల్టుతో అది నెమ్మదిగా తిరుగుతోంది. "దాని మీద ఎక్కించి దాని మీదనే ఇంటే బాగనే ఉంటది బిడ్డా. తప్పుకు తప్పు సరిపోతది. బయట పెడితే తెలుస్తది" అన్నారు. ఆ క్యాసెట్టు అప్పటికే సుభద్రమ్మగారి ఇంటికి వెళ్లిపోయింది.

ఆపరేషనయ్యాక ఇంటికి వచ్చిన ఆవిడను చూడటానికి ఇద్దరం వెళ్లాం. మెడకు కట్టు ఉంది. లలిత వాళ్ల ఇంటి టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టింది. పరుగెత్తే తాళంలో, సన్నటి గొంతుతో ఎవరో చిన్నపిల్ల పాడుతున్నట్టు వచ్చింది. ఆవిడ వింటూ వింటూ లలిత పలక అందుకుని, "ఇది నేను కాదు" అని రాసి మా వైపు తిప్పారు. ఆ గొంతు ఇక మళ్లీ రికార్డు చేయడానికి లోకంలో లేదు. సార్ నా తరఫున ఏదైనా అంటారని చూశాను. ఆయన నా వైపే చూస్తూ ఆగారు.

"నేనే చెడగొట్టానండీ" అన్నాను. "సార్ చెప్పినట్టు చేయలేదు."

"చెడిపోలే అమ్మా, తప్పుగ నడుస్తున్నది. రెండు రోజులు టైమియ్యుండ్రి" అన్నారు సార్, ఆవిడ పలక వైపే చూస్తూ. బయటికి వచ్చాక దుకాణం దారి పట్టారు. తిడితే బాగుండునని ఏడ్చుకుంటూ ఆయన వెనకాలే నడిచాను.

కష్టం ఎక్కడంటే, ఆ రోజు బెల్టు ఎంత నెమ్మదిగా తిరిగిందో ఎవరికీ తెలియదు. పాట వేగం పాడే మనిషికే తెలియాలి, ఆవిడకు గొంతు లేదు. సార్ మంచి మిషను మీద క్యాసెట్టు పెట్టి, కళ్లు మూసుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా విన్నారు. ఆవిడ నీళ్లు తాగడానికి ఆగిన చోట ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"గోడ గడియారం దించినవా ఆనాడు?"

"లేదు సార్" అన్నాను, ఇది ఇంకో తప్పు బయటపడిందని బిక్కచచ్చిపోయి.

సార్ పకపకా నవ్వారు. ఆయన అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. "నీ ఒక తప్పును ఇంకో తప్పు కాపాడింది! ఇను." పాట ఆగిన చోట సన్నగా టిక్కు, టిక్కు. ఆ గడియారం సరిగ్గా సెకనుకు ఒకటి కొట్టేది. అలాంటి ఖాళీలన్నీ వెతికి, టిక్కులు లెక్కపెట్టి, ఒకటికి నాలుగుసార్లు సరిచూశాం. అరవై రావలసిన సమయంలో అరవై ఆరుకు పైగానే వస్తున్నాయి. సార్ మిషను వెనక విప్పి, మోటారు వేగం మార్చే చిన్న కంతలో సన్న స్క్రూడ్రైవరు పెట్టి వెంట్రుకవాసి తిప్పడం, నేను లెక్కపెట్టడం, మళ్లీ తిప్పడం. సాయంత్రానికి గడియారంలో సెకనుకూ టేపులో టిక్కుకూ సరిపోయింది. సుభద్రమ్మగారి గొంతు తన బరువుతో తాను వచ్చింది. నేను కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాను. "ఏడుపు తర్వాత, ముందుగాల కొత్త బెల్టు ఎయ్యి" అన్నారు సార్.

మర్నాడు మధ్యాహ్నం, బాగుచేసిన డెక్కు మీద కొత్త క్యాసెట్టు పెట్టి, ముందు ఆయన స్వయంగా "మొదలు" అన్నారు. నిమిషం అయ్యాక, వేగం సరిచేసిన మిషను మీద పాత క్యాసెట్టు నడిపి పాటలు కొత్తదాని మీదకు ఎక్కించాం. సుభద్రమ్మగారింట్లో అది పెట్టినప్పుడు ఆవిడ పలక ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని, మోకాలి మీద చేత్తో తాళం వేస్తూ, పెదవులు కదుపుతూ కూర్చున్నారు. చెయ్యి, పెదవి, పాట ఎక్కడా తప్పలేదు. ఏడో హారతి అయ్యాక నన్ను దగ్గరికి రమ్మని, తల మీద చెయ్యి పెట్టారు. నేను చూసింది సార్‌ని. ఆయన తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

తర్వాత నాకు ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. రోడ్డు వెడల్పులో దుకాణం సగం పోయింది, క్యాసెట్ల కాలం పోవడంతో మిగతా సగమూ పోయింది. ఇప్పుడక్కడ తల మీద మెట్రో పోతుంటుంది. ఆఫీసులో టైపు చేసిన కాగితాన్ని నేను టైపు చేసిన చోటే కూర్చుని ఎన్నడూ సరిచూడలేదు. లేచి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి చదివేదాన్ని. పక్కవాళ్లు నవ్వేవారు. సార్ దగ్గర నేర్చుకున్నదంతా గుర్తుంది గాని, అండాలమ్మ అడిగిన రోజున మాత్రం ఆ నిమిషం గుర్తు రాలేదు. అది ఆయన మాట అని నాకెప్పుడూ అనిపించలేదు. గడియారం, స్క్రూడ్రైవరు, ఈ రెండు మాటలు, అన్నీ పనిముట్ల కిందే జమ.

బుధవారం నాడు కళ్లు తుడుచుకుని ఆ ఆర్‌ని ఉండవలసిన చోట పెట్టాను. మళ్లీ ఎంటర్ కొట్టి, ఆ ఫైలును ఫోనులో వేసుకుని, గడియారం పట్టుకుని విన్నాను. సరిగ్గా అరవై సెకన్లు. సాయంత్రం లలిత వచ్చి అమ్మ పాట విని, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాటలయ్యాక, "ముందర ఆ ఖాళీ ఎందుకు సరళక్కా, తీసేయండి" అంది. "అది తీయనమ్మా" అన్నాను. ఆ గొంతు ఎవరిదో, ఎందుకు తీయనో చెప్పాను.

శనివారం కర్మన్‌ఘాట్ వెళ్లాను. అండాలమ్మకు ఎనభై దాటింది, చూపు మందగించింది గాని చెవులు బాగానే ఉన్నాయి. ఏం తెచ్చానో చెప్పకుండా ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. "మొదలు" అనగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను ఏదో చెప్పబోతే "ష్" అంది. గుమ్మంలో నిలబడ్డ రోజుల్లోలాగే ఊపిరి బిగబట్టి నిమిషమంతా ఆగింది. "నిమిషం" వచ్చాక కూడా పట్టు వదల్లేదు.

"ఇంకోపారి పెట్టు" అంది.

రెండోసారి, సగం దాటాక, ఇనుము తగిలినట్టున్న ఆ టింగుమన్న శబ్దం దగ్గర వేలెత్తింది. పక్క దుకాణం చప్పుడని నేను వదిలేసిన శబ్దమది.

"గది నేనే బిడ్డా. ఆనాడు చెయ్యి గుంజితే టిఫిను కింద పెట్టిన. ఆయన కండ్లు పెద్దగ చేసి చూసిండు. మల్ల చేస్తడేమో అనుకున్న, చెయ్యలే. గట్లనే ఉంచిండు."

ఆ మాట అంటూ ఆమె కొత్త పెళ్లికూతురిలా నవ్వింది. నేను ఆ రోజు ఆ దుకాణంలోనే ఉన్నాను, ఆ నిమిషంలో గడియారం ముల్లు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఇప్పుడు ఎవరి గొంతు రికార్డు చేసినా ముందు నేను "మొదలు" అంటాను, అరవై సెకన్లు ఆగి "నిమిషం" అంటాను. మధ్యలో ఎవరైనా గుమ్మంలోకి వస్తే సార్ లాగా కళ్లెర్రజేయను. వాళ్ల చేతిలో ఏముంటే అది కింద పెట్టి, చప్పుడైనా సరే, లోపలికి రమ్మని సైగ చేస్తాను.